అటక మీది రౌటరుకు కొత్త కొలువు

ఏమండీ, మీ ఇంట్లో పాత రౌటర్ ఒకటి ఎక్కడో ఉండే ఉంటుంది, కాస్త వెతకండి. టెలిఫోన్ తీగ మీద బ్రాడ్‌బ్యాండ్ వచ్చిన రోజుల్లోది కావచ్చు, ఫైబర్ వచ్చినప్పుడు పక్కన పెట్టేసింది కావచ్చు. అడాప్టర్ దొరికి, దీపాలు వెలిగితే చాలు, దాన్ని పాత సామాన్లవాడికి వేయొద్దు. వెనక యూఎస్‌బీ సందు కూడా ఉంటే మీ అదృష్టం పండినట్టే.

మా సత్యవేడులో ఇంటికో ప్రింటర్ కావాల్సిన పనులు రోజూ ఉంటాయి. శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో ఇంటర్వ్యూ అంటే రెజ్యూమె, ఆధార్ కాపీలు. రైతుకు అడంగల్, 1బి. పిల్లలకు హాల్ టికెట్లు, ప్రాజెక్టు కాగితాలు. 1960 ఏప్రిల్ 1న చెంగల్పట్టు జిల్లా నుంచి ఆంధ్రలోకి వచ్చిన ప్రాంతం మాది, అందుకని బంధుత్వాలు ఇప్పటికీ అటూ ఇటూ ఉన్నాయి. పెళ్లి పిలుపైనా, పొలం కాగితమైనా ఒక పేజీ తెలుగులో, ఒక పేజీ తమిళంలో తీయాల్సి వస్తుంది.

ప్రింటరేమో ఒక కంప్యూటరుకే కట్టేసి ఉంటుంది. మిద్దె మీద చదువుకునే పిల్ల పెన్‌డ్రైవ్ పట్టుకుని కిందికి దిగాలి. ఆ కంప్యూటర్ ద్వారానే విండోస్‌లో షేర్ చేయొచ్చు కదా అంటారేమో. చేయొచ్చు, కానీ అది ఎప్పుడూ ఆన్‌లో ఉండాలి. పైగా 2021 సెప్టెంబరులో వచ్చిన విండోస్ అప్‌డేట్ తర్వాత ఎన్నో చోట్ల అలా షేర్ చేసిన ప్రింటర్లు 0x0000011b అనే ఎర్రర్ చూపించి మొరాయించాయి. నన్నడిగితే ప్రింటర్ ఇంటి మొత్తానికీ చెందాలి, ఒక్క కంప్యూటరుకు కాదు. ప్రింటరుకూ ఇంటి నెట్‌వర్క్‌కూ మధ్యలో ఆ పాత రౌటర్‌ను పెడితే అది కుదురుతుంది.

ఇందులో నాకు బాగా నచ్చే సంగతి ఒకటుంది. మన ఇళ్లల్లో ఉండే చవక లేజర్ ప్రింటర్లలో చాలావాటికి తెలుగూ రాదు, తమిళమూ రాదు. ఒత్తులూ గుణింతాలూ కుదిర్చి, పేజీ మొత్తాన్ని చుక్కలుగా మార్చేది కంప్యూటరే. ప్రింటర్ ఆ చుక్కల్ని కాగితం మీద దించుతుంది, అంతే. మరి మధ్యలో ఉండే రౌటరుకు తెలివితేటలెందుకు? 9100 అనే పోర్టులో వచ్చిందల్లా యూఎస్‌బీ తీగలోకి తోసేస్తే దాని పని అయిపోయినట్టే. హెచ్‌పీ వాళ్ల జెట్‌డైరెక్ట్ పెట్టెల నుంచి వాడుకలో ఉన్న పద్ధతి ఇది. అందుకే నెట్‌కు పనికిరానంత నెమ్మదైన రౌటర్ కూడా ఈ కొలువుకు సరిపోతుంది.

అమర్చే వరస చెప్తాను. మొదట పాత రౌటర్‌ను దేనికీ కలపకుండా, దాని లాన్ సందు నుంచి ల్యాప్‌టాప్‌కు మాత్రం తీగ పెట్టండి. దాని సొంత అడ్రస్ 192.168.1.1 ఉంటే 192.168.1.2 చేయండి, ఎందుకంటే మొదటిది సాధారణంగా మీ అసలు రౌటర్‌దే అయి ఉంటుంది. ఆ తర్వాతే డీహెచ్‌సీపీ ఆపండి. అది ఆపకపోతే ఒకే వీధికి ఇద్దరు ఇంటి నంబర్లు వేస్తున్నట్టు రెండు పెట్టెలూ అడ్రసులు పంచుతాయి, అందరికీ నెట్ తికమకవుతుంది. అప్పుడు అసలు రౌటర్ లాన్ నుంచి దీని లాన్‌లోకి తీగ కలపండి. ఇంటర్నెట్ అని రాసి ఉన్న వాన్ సందు జోలికి పోవద్దు. ప్రింటర్ యూఎస్‌బీ తీగను ఈ పాత రౌటరుకు పెట్టి, దీని మెనూలో ప్రింట్ సర్వర్ ఆన్ చేసి, ప్రతి కంప్యూటర్‌లో ప్రింటర్‌ను టీసీపీ/ఐపీ అడ్రస్ ద్వారా చేర్చి, 192.168.1.2 కొట్టి, ప్రోటోకాల్ రా (Raw), పోర్టు 9100 ఎంచుకోండి. డ్రైవర్ మామూలుగా వేసుకునేదే.

యూఎస్‌బీ సందు లేదా? ప్రింటరుకే నెట్‌వర్క్ తీగ సందు ఉంటే రౌటర్‌ను క్లయింట్ లేదా బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టండి. వైఫై అందుకుని తీగలో ప్రింటరుకు ఇస్తుంది.

ఇప్పుడు అసలు చిక్కు. ఎక్కడ చూసినా కనబడే హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 ఉంది చూశారూ, దానికి తన ప్రోగ్రామ్ తనలో నిలవదు. ఆన్ చేసిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఆ చిన్న ఫైలును దానికి పంపాలి. యూఎస్‌బీలో కంప్యూటర్ ఉంటే డ్రైవరే పంపేస్తుంది, మామూలు రౌటరుకు ఆ సంగతే తెలియదు. దీనికి మందు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ. 2004లో, లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ రౌటర్ సోర్స్ కోడ్ బయటికి వచ్చాక, దాని మీద మొదలైన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. అందులో p910nd అనే ప్యాకేజీ ప్రింట్ సర్వర్ పని చూస్తుంది. ప్రింటర్ ఆన్ అయినట్టు కనబడగానే ఆ ఫైలు పంపేలా చిన్న స్క్రిప్ట్ రాసిపెడితే 1020 చక్కగా లేచి కూర్చుంటుంది. కాకపోతే ఇప్పటి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీకి రౌటర్‌లో కనీసం 8 ఎంబీ ఫ్లాష్, 64 ఎంబీ ర్యామ్ ఉండాలి, మీ మోడల్ వాళ్ల జాబితాలో ఉండాలి. కెనాన్ ఎల్‌బీపీ2900 అయితే ఇంకో రకం. అది కంప్యూటర్‌తో అటూ ఇటూ మాట్లాడుతూ ఉండాలంటుంది, ఒకవైపే తోసే ఈ పద్ధతికి లొంగదు. దాని కోసం రౌటర్‌తో కుస్తీ పట్టకండి.

ఫోన్ నుంచి నేరుగా ప్రింట్ రావాలంటే కూడా 9100 ఒక్కటే చాలదు, కప్స్ అనే ప్రింటింగ్ సాఫ్ట్‌వేర్ నడిచే చిన్న కంప్యూటర్ ఏదైనా తోడు కావాలి.

కరెంటు సంగతి కూడా చెప్పాలి. రౌటర్ తినేది కొన్ని వాట్లే, ఇన్వర్టర్ మీద రోజంతా ఉంచొచ్చు. లేజర్ ప్రింటర్ వేడెక్కేటప్పుడు వందల వాట్లు లాగుతుంది, దాన్ని మాత్రం మెయిన్ కరెంటు మీదే ఉంచండి. కింది నుంచి మిద్దె మీదికి తీగ గోడ బయటగా వేస్తే ఇంకో జాగ్రత్త ఉంది. మనకు అక్టోబరు, నవంబరు వానలు పిడుగులతో వస్తాయి. మబ్బు కమ్మగానే ఆ తీగను రెండు వైపులా పీకేయమని ఇంట్లో అందరికీ చెప్పి పెట్టండి.