ఊరే ఊరు విడిచిన వేళ



చీరాల వస్తే ఏం చూడాలని మీలో కొందరు అడుగుతుంటారు. వాడరేవు సముద్రం, బట్టల కొట్లు, వేటపాలెం జీడిపప్పు గురించి ఎవరైనా చెబుతారు. నేను ఈసారి ఒక తాటాకు గుడిసెల ఊరి సంగతి రాస్తాను.

చీరాల ఒకప్పుడు గుంటూరు జిల్లా, 1970 నుంచి ప్రకాశం, 2022 నుంచి బాపట్ల. జిల్లాలు మారినా బతుకుతెరువులు పెద్దగా మారలేదు. పర్చూరు వైపు నల్లరేగడిలో పత్తి, మిరప, పొగాకు; సముద్రం వైపు ఇసుక నేలల్లో వేరుశనగ, కూరగాయలు; ఊళ్ళో మగ్గాలు. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిదలో నానబెట్టి నేసిన ఇక్కడి తేలియా రుమాళ్ళు అరబ్బు దేశాలదాకా వెళ్ళేవి. 1899లో మద్రాసు-బెజవాడ రైలు వచ్చింది. ఊళ్ళో నాలుగు డబ్బులు ఆడుతున్నాయని దొరల ప్రభుత్వానికి అర్థమైంది.

అప్పుడు చీరాలను, పక్కనే ఉన్న పేరాలను కలిపి మునిసిపాలిటీ చేశారు. ఊరంతటికీ కలిపి ఏడాదికి 4,000 రూపాయలున్న పన్ను 40,000కు చేరింది. నేతగాళ్ళు, చిన్న రైతులు ఎక్కువగా ఉన్న ఊరది. పన్ను కట్టబోమని జనం తెగేసి చెప్పారు. జైలుకు వెళ్ళినవారిలో ఒక స్త్రీ, రావూరి అలమేలుమంగమ్మ కూడా ఉన్నారు.

1921 ఏప్రిల్‌లో గాంధీగారు చీరాల వచ్చారు. మునిసిపాలిటీ వద్దనుకుంటే దాని హద్దు దాటి వెళ్ళిపోవడం ఒక దారి అన్నారు. ఉద్యమాన్ని నడిపిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు, ఆయన స్వచ్ఛంద సేవకుల దళం రామదండు ఆ మాటను చేసి చూపించారు. 15,000 జనాభాలో 13,000 మందికి పైగా ఇళ్ళకు తాళాలు వేసి, హద్దు అవతల గుడిసెలు వేసుకున్నారు. దానికి రామనగర్ అని పేరు పెట్టారు.

ఇల్లు వదలడం ఎవరికైనా కష్టమే. గుంట మగ్గం వాడికి మరీ కష్టం. ఆ గుంట ఇంటి నేలలోనే ఉంటుంది, మూట కట్టి తీసుకుపోయేది కాదు. గడప దాటితే పని పోయినట్టే. అయినా ఎండకూ వానకూ ఓర్చి దాదాపు పదకొండు నెలలు నిలబడ్డారు.

1921లోనే బరంపురం వెళ్ళిన దుగ్గిరాలవారిని అరెస్టు చేసి, ఏడాది శిక్ష వేసి తిరుచిరాపల్లి జైలుకు పంపారు. నడిపించే మనిషి లేక, చేతిలో డబ్బు లేక 1922లో జనం తిరిగి ఇళ్ళకు వచ్చారు. మునిసిపాలిటీ నిలిచింది, ఉద్యమం ఓడిందని కొందరంటారు. నేనలా అనుకోను. ఊరికి హోదా పెరిగిందని చెప్పినప్పుడు, ఆ హోదా ఖర్చు ఎవరి నెత్తిన పడుతుంది, బదులుగా మాకు ఒరిగేదేమిటి అని లెక్క అడిగిన జనం వాళ్ళు. పక్క పల్లెలను పట్టణాల్లో కలిపే ప్రతిసారీ ఇప్పటికీ అడగాల్సిన ప్రశ్న అది.

మీ తాతలో అమ్మమ్మలో రామనగర్ గుడిసెల్లో ఉన్నట్టు ఇంట్లో ఎవరైనా చెప్పుకొనేవారా? ఏం వండుకున్నారు, నీళ్ళు ఎక్కడ తెచ్చుకున్నారు, పిల్లల్ని ఎలా సాకారు? పుస్తకాల్లో నాయకుల సంగతులు దొరుకుతాయి, ఇవి దొరకవు. తెలిసినంత రాయండి. వచ్చే ఉత్తరంలో మీ మాటల్లోనే అందరికీ చదివి వినిపిస్తాను.

ఉంటాను.

మీ చీరాల నేస్తం