గూడుబండికి తగిన ఎద్దులు

పోయిన నెల కెనడా నుంచి చిన్నాయన కొడుకు ఫోన్ చేసినాడు. "అన్నా, వదినా, ట్రావెల్ ట్రైలర్ ఒకటి చూసి పెట్టుకున్నాము. దాన్ని లాగేదానికి ఏ పికప్ ట్రక్కు తీసుకుంటే బాగుంటాది?" అని అడిగినాడు. ఫోన్లో ఒక ముక్కలో తెగే మాట కాదిది. మేము ఈ విషయంలో తప్పు చేసి, డబ్బు పోగొట్టుకొని, ఇంట్లో అందరినీ భయపెట్టి నేర్చుకున్నవాళ్ళం. ఆ కథలో మన తాత గూడుబండి కూడా ఉంది. అందుకే దీన్ని కూడా మన ఇంటి కథల్లో చేర్చి రాస్తున్నాము.

హోసూరు ఇంట్లో పెరిగినవాళ్ళకు గూడుబండి సంగతి చెప్పనక్కర్లేదు. తర్వాత పుట్టిన పిల్లల కోసం రెండు మాటలు. ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం, సంతలో కన్నడం మాట్లాడే మన ఊళ్ళలో ఆ రోజుల్లో బస్సులు తక్కువ. చంద్రచూడేశ్వరుడి తేరుకు పోవాలన్నా, బెంగుళూరు దిక్కున ఉన్న చుట్టాల ఇంటికి పోవాలన్నా బండే గతి. వెదురుబద్దలతో గూడు కట్టి, లోపల గడ్డి పరచి, దాని మీద జంపఖానా వేసేవారు. చిత్రాన్నం మూట, నీళ్ళ చెంబు, పసిపిల్లలు, అవ్వ, అందరూ లోపలే. రాత్రి బండి నడుస్తా ఉంటే లోపల నిద్రపోయేవారు. ఇక్కడి ట్రావెల్ ట్రైలర్ అంటే అదే. మంచం, పొయ్యి, కక్కసు కూడా లోపలే ఉండేది ఒక్కటే తేడా.

మేము ట్రైలర్ కొన్నది నాయన కోసం. అమ్మ పోయిన తర్వాత ఆయన ఆరు నెలలకని మా దగ్గరికి, డాలస్‌కు వచ్చినాడు. మోకాళ్ళ నొప్పి, గంటకొకసారి బాత్‌రూమ్‌కు పోవాల. హోటల్ గదుల్లో నిద్ర పట్టదు, బయటి తిండి పడదు. అమ్మ ఉన్నప్పుడు ఇద్దరూ కలిసి అమెరికా చూడాలని అనుకొని, చూడలేకపోయినారు. ఆ వెలితి మాకూ ఉంది. ట్రైలర్ ఉంటే ఆయన మంచం, ఆయన బాత్‌రూమ్ ఆయన వెంటే వస్తాయి కదా అని 26 అడుగులది ఒకటి కొన్నాము. ఖాళీగా 5,300 పౌండ్లు. సామానుతో కలిపి 7,000 పౌండ్లు దాటకూడదని దాని మీదనే రాసి ఉంది.

ఇంక ట్రక్కు. ఇక్కడ పికప్‌లను హాఫ్ టన్, త్రీ క్వార్టర్ టన్ అని పిలుస్తారు. ఫోర్డ్ ఎఫ్-150, రామ్ 1500, షెవర్లే సిల్వరాడో 1500 లాంటివి మొదటి రకం. ఎఫ్-250, 2500 అని పేరున్నవి రెండో రకం. అవి పాతకాలపు పేర్లు, ఇప్పటి బరువులతో వాటికి సంబంధం లేదు. మేము మొదటి రకంలో ఒకటి చూసినాము. తోలు సీట్లు, పైన అద్దం, నాలుగు చక్రాల డ్రైవ్, అన్నీ ఉన్నాయి. "ఇది 9,200 పౌండ్లు లాగుతుంది" అన్నాడు అమ్మేవాడు. మాది 7,000. ఇంకా 2,200 మిగులు. ఇంతకంటే ఏం కావాల అనుకొని సంతకం పెట్టినాము.

ట్రైలర్ తగిలించిన మొదటి రోజే ట్రక్కు వెనక భాగం కిందికి కుంగి, ముక్కు పైకి లేచింది. హిచ్ మీద బరువు ఎక్కువైందని మాకు అర్థమైంది. దానికి మేము చేసిన ఉపాయం ఏమిటంటే, ముందున్న సామాను తీసి ట్రైలర్ వెనక్కి జరిపినాము. బియ్యం మూట, గ్రైండర్, నీళ్ళ డబ్బాలు వెనక మూలకు. పిల్లల సైకిళ్ళు వెనక బంపరుకు. ట్రక్కు మళ్ళీ సమంగా నిలబడింది. మేము మెచ్చుకొన్నాము, మమ్మల్ని మేమే.

పాలో డ్యూరో లోయ చూపిద్దామని 287 రోడ్డు పట్టినాము. విచిటా ఫాల్స్ దాటి చిల్డ్రెస్ దిక్కుగా పోతా ఉంటే గాలి ఎక్కువైంది. అక్కడ చెట్టూ లేదు, కొండా లేదు, గాలికి అడ్డమే లేదు. పక్కనుంచి పెద్ద లారీ ఒకటి మమ్మల్ని దాటింది. అది దాటిన మరుక్షణం ట్రైలర్ తోక ఊగింది. ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి, ప్రతిసారీ ఇంకొంచెం ఎక్కువగా. తోక కుక్కను ఊపినట్టు ట్రైలర్ ట్రక్కును ఊపింది. బ్రేకు తొక్కాలని కాలు పోయింది, కానీ తొక్కకూడదని చదివి ఉన్నాము. యాక్సిలరేటర్ వదిలేసి, స్టీరింగ్ తిప్పకుండా గట్టిగా పట్టుకొని, ట్రైలర్ బ్రేకులు మాత్రం పట్టే చిన్న మీటను చేత్తో నొక్కినాము. ఊపు తగ్గింది. రోడ్డు పక్కన ఆపే సరికి మా ఇద్దరి చేతులూ వణకతా ఉన్నాయి. వెనక సీట్లో పిల్లలిద్దరినీ చెరొక చేత్తో పట్టుకొని నాయన కూర్చొని ఉన్నాడు.

ఆయన మెల్లగా దిగి, ట్రైలర్ చుట్టూ ఒకసారి నడిచి వచ్చినాడు. వెనక సైకిళ్ళ మీద చెయ్యి వేసి, "వెనక బరువు యెక్కువైంది రా. కాడి లేచింది" అన్నాడు.

అక్కడే, ఆ గాలిలో నిలబడి చెప్పినాడు. రెండు చక్రాల బండికి ముందు బరువు ఎక్కువైతే ఎద్దుల మెడలు కుంగుతాయి. వెనక బరువు ఎక్కువైతే కాడి పైకి లేచి, మెడ కింది తాడు ఎద్దు గొంతు పట్టుకుంటుంది. అందుకే తాత రాగిమూటలను ఇరుసుకు కొంచెం ముందుగా పేర్చేవాడు. మిట్ట ఎక్కేటప్పుడు చిన్నపిల్లవాడైన నాయనను నొగ దిక్కుకు జరగమనేవాడు, దిగేటప్పుడు వెనక్కి పొమ్మనేవాడు. అంత చిన్న బరువు కూడా ఎద్దులకు తెలుస్తుందట. సంతలో హళ్ళికారు ఎద్దులు చూసేటప్పుడు కూడా తాత వాటి లాగుడు చూసి మురిసేవాడు కాడు. "లాగేది యే యెద్దైనా లాగుతాది. మెడ మీద మోస్తాదా, పల్లంలో బండిని ఆపుతాదా, అది చూడాల" అనేవాడట.

"ఇదంతా తెలిసీ ముందే ఎందుకు చెప్పలేదు నాయనా?" అని అడిగితే, "ఇది అమెరికా బండి కదా. మీకు తెలిసుంటాదని అనుకొంటిని" అన్నాడు. సామాను వెనక్కి జరిపేటప్పుడు ఆయన వాకిట్లోనే కుర్చీ వేసుకొని చూస్తా ఉన్నాడు. మేము అడగలేదు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

నీళ్ళ ట్యాంకు ఖాళీ చేసి, సామాను మళ్ళీ ముందుకు మార్చి, మెల్లగా విచిటా ఫాల్స్‌కు వెనక్కి వచ్చినాము. లోయ చూడలేదు. మరుసటి రోజు ట్రక్ స్టాప్‌లో కాటా ఎక్కించి చూసినాము. ట్రైలర్ 6,400 పౌండ్లు. ఇంటికి వచ్చినాక సామాను మళ్ళీ ఆ రోజు ఉన్నట్టే పెట్టి, చిన్న కాటాతో హిచ్ మీద పడే బరువు తూచితే 500. అంటే నూటికి 8 కూడా లేదు. దీన్ని ఇక్కడ టంగ్ వెయిట్ అంటారు. ట్రావెల్ ట్రైలర్‌కు అది నూటికి 10 నుంచి 15 దాకా ఉండాల. తాత ఇరుసుకు కొంచెం ముందు అన్నదానికి ఇక్కడి లెక్క ఇది.

సరిగ్గా సర్దితే నూటికి 13 అనుకుందాం. అది 830 పౌండ్లు. ఆ బరువు ట్రక్కు మోయాల. డ్రైవర్ తలుపు తీస్తే అంచున ఒక స్టిక్కర్ ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఇంతకు మించకూడదని దాంట్లో రాసి ఉంటుంది. దాన్నే పేలోడ్ అంటారు. మా ట్రక్కుకు 1,440. మా లెక్క చూడండి: టంగ్ వెయిట్ 830, హిచ్ సామాను 90, మేము ఐదుగురం 610, ట్రక్కు తొట్టిలో కుర్చీలు, కట్టెలు 150. మొత్తం 1,680. స్టిక్కర్ కంటే 240 ఎక్కువ. లాగుడులో 2,200 మిగులు, మోతలో 240 తరుగు. అమ్మేవాడు చెప్పింది అబద్ధం కాదు, మేము అడగాల్సిన ప్రశ్న అది కాదు. బరువు ముందుంచితే ట్రక్కు మెడ కుంగుతుంది, వెనక్కి జరిపితే కాడి లేస్తుంది. ఎట్ల సర్దినా ఆ ఎద్దుకు ఆ బండి తగదు. బరువును పంచే హిచ్ పెట్టినా ముందు చక్రాలకు కొంత పోతుందే గాని స్టిక్కర్ మీది అంకె మారదు.

ఆ ట్రక్కును నష్టానికి అమ్మి, మూడేళ్ళు నడిచిన త్రీ క్వార్టర్ టన్ పెట్రోల్ ట్రక్కు కొన్నాము. స్టిక్కర్ 2,900. తోలు సీట్లు లేవు. ఖాళీగా పోతే కుదుపు ఎక్కువ. మా గ్యారేజీలో పట్టదు, ట్రైలర్ తగిలిస్తే పెట్రోలు నీళ్ళలాగా తాగుతుంది. అన్నీ ఒప్పుకుంటాము. కానీ గాలిలో అది నిలబడుతుంది.

తమ్ముడూ, నువ్వు అడిగినదానికి జవాబు ఇదే. ఏ కంపెనీ అని చూడవద్దు. ట్రైలర్ ఖాళీ బరువు కాదు, నిండు బరువు తీసుకో. దాంట్లో నూటికి 13 కట్టు. మీ ఇంటి మనుషులను, హిచ్‌ను, సామానును కలుపు. ఆ మొత్తం కంటే కొంచెం పై అంకె తలుపు స్టిక్కర్ మీద ఉన్న ట్రక్కు కొను. ఒకే పేరున్న రెండు ట్రక్కులకు కూడా అంకె వేరుగా ఉంటుంది. సన్‌రూఫ్, పెద్ద సీట్లు, డీజిల్ ఇంజిన్, అన్నిటి బరువూ దాంట్లోనే పోతుంది. అందుకని కాగితం మీద కాదు, కొనే ట్రక్కు తలుపే తీసి చూడు. చక్రాల మధ్య దూరం ఎక్కువున్నది దొరికితే ఇంకా మంచిది. కొన్నాక ఒకసారి కాటా ఎక్కించు.

నాయన హోసూరుకు తిరిగి పోవడానికి మూడు వారాల ముందు మళ్ళీ 287 రోడ్డు పట్టినాము. ఈసారి సామాను ఆయనే సర్దించినాడు. పాలో డ్యూరోలో లోయలోకి రోడ్డు నిటారుగా దిగుతుంది. గేరు తగ్గించి మెల్లగా దిగుతా ఉంటే వెనక సీట్లో నాయన పిల్లలతో, "వెనక్కి జరగండి, వెనక్కి జరగండి" అన్నాడు. పిల్లలు సీటు బెల్టుల్లోనే వీపులు వెనక్కి ఆనించి కూర్చున్నారు. ఆయనా ఆనించి కూర్చున్నాడు. కింద ఎర్రమన్ను కనిపించే దాకా ఎవరూ కదలలేదు.