ఆవకాయ వద్దన్న రాత్రి

హైదరాబాదు, గుంటూరు వైపు నుంచి వచ్చే బృందాల సామానులో ఆవకాయ సీసా తప్పకుండా ఉంటుంది. డెహ్రాడూన్‌లో రైలు దిగి, రోజంతా జీపులో కొండమలుపులు తిరిగి సాంక్రీ చేరేసరికి సీసా మూత చుట్టూ నూనె కారి ఉంటుంది. నేను దాన్ని పాత గుడ్డతో తుడిచి వంటడేరాలో పెడతాను. ఆ సీసా నా పనికి ఎంత ముఖ్యమో మొదటి ఏడాది నాకు తెలియదు.

మాది విజయనగరం జిల్లా. ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థలో 28 రోజుల బేసిక్ కోర్సు చేసి, హర్ కీ దూన్ లోయలో ట్రెక్ లీడర్‌గా చేరాను. దూన్ అంటే లోయ. సాంక్రీ నుంచి పదకొండు కిలోమీటర్లు జీపులో వెళ్తే తాలూకా. నేను చేరిన కొత్తలో బండి అక్కడిదాకే. ఆ తర్వాత సూపిన్ నది పక్కనే కాలిబాట. ఈ సూపిన్ కింద నైట్వార్ దగ్గర రూపిన్‌తో కలిసి టోన్స్ అవుతుంది, టోన్స్ వెళ్ళి యమునలో కలుస్తుంది.

ఆ బాట ట్రెక్కింగు కోసం వేసింది కాదు. గంగాడ్, ఓస్లా ఊళ్ళ వాళ్ళు ఉప్పు, బియ్యం, గ్యాస్ సిలిండరు, పెళ్ళికూతురి పెట్టె, అన్నీ ఆ దారినే మోసుకెళ్ళేవారు. ఎదురుగా గొర్రెల మంద వస్తే మనం కొండవైపు ఒదిగి నిలబడాలి, లోయవైపు కాదు. అతిథులకు నేను చెప్పే మొదటి మాట ఇదే. మందలోని చివరి గొర్రె వెనకాల కాపరి నడుస్తూనే కదురు తిప్పి ఉన్ని వడుకుతుంటాడు. నడిచేటప్పుడు కూడా ఆ చేతులు ఖాళీగా ఉండవు.

ఓస్లా ఊరు నది అవతల గట్టున, సుమారు 8,500 అడుగుల ఎత్తున ఉంటుంది. వంతెన దాటి నిటారుగా ఎక్కాలి. చాలా బృందాలు ఎక్కవు, కింద నుంచే ఫొటో తీసుకుని పోతాయి. నాకది బాధ. దేవదారు దూలం ఒక వరస, రాయి ఒక వరస పేర్చి కట్టిన ఇళ్ళు అవి. కింద పశువులు, పైన మనుషులు. పశువుల వేడి నేలచెక్కల్లోంచి పైకి వస్తుంది. ఇలా కట్టిన పాత ఇళ్ళు ఈ జిల్లాలో 1991 అక్టోబరు 20 నాటి భూకంపాన్ని కూడా తట్టుకున్నాయి. కాని నిప్పుకి తట్టుకోవు. అందుకే ధాన్యం దాచే చెక్కగదిని ఇంటికి దూరంగా కట్టుకుంటామని ఒక ముసలాయన చెప్పాడు. దాన్ని వాళ్ళు కొఠార్ అంటారు. మా అమ్మమ్మ నోట విన్న కొఠారు అన్న మాట ఇంత దూరంలో వినిపించేసరికి ఆయన చెయ్యి పట్టుకున్నాను.

సెప్టెంబరు దాటితే ఊరి చుట్టూ పొలాలు ఎర్రబడతాయి. రామ్‌దానా కంకులవి. మన తోటకూర జాతే. ఇళ్ళ పైన రాజ్మా ఎండుతుంటుంది. ఊరి నడుమ గుడి ఉంది. మనవాళ్ళు "దుర్యోధనుడి గుడి ఏదమ్మా?" అని అడుగుతూ వస్తారు. ఊళ్ళో వాళ్ళు "మా దేవుడు సోమేశ్వరుడు" అంటారు. నేను ఊళ్ళో వాళ్ళ మాటే చెప్తాను. అతిథుల్ని గుడి గడప దాటనివ్వను.

ఇక ఆ రాత్రి సంగతి. బృందంలో గుంటూరు నుంచి వచ్చిన పెద్దాయన ఒకరున్నారు. రిటైరైన తెలుగు మాస్టారు. నేను బాబాయ్ గారూ అనేదాన్ని. ఆయన వచ్చిందే స్వర్గారోహిణి శిఖరం చూడటానికి. తిక్కన పదిహేను పర్వాలూ పాఠం చెప్పి, చివరి పర్వం పేరున్న కొండను చూడకుండా ఎలా పోతానన్నారు. ఆయన సరదా చూసి నేనూ తొందరపడ్డాను. ఓస్లాలో ఒక రోజు ఆగాలన్నది నా ప్రణాళిక. వాతావరణం బాగుంది, ఆగకుండా వెళ్దామని అందరూ అడిగితే ఒప్పుకున్నాను. ఆ తప్పు నాదే.

మూడో రోజు సాయంత్రానికి హర్ కీ దూన్‌లో ఉన్నాం. 3,500 మీటర్ల పైమాట. లోయ చివర మంచుకొండ ఎర్రగా వెలిగింది. బాబాయ్ గారు చేతులు జోడించారు. అందరితో పాటు ఆక్సీమీటరు పెట్టుకున్నారు, తలనొప్పి లేదన్నారు, నవ్వారు. నేను నమ్మి చీటీలో రాసుకున్నాను.

కంచరగాడిదలు తోలే అతను వంటడేరాలోకి వచ్చాడు. "దీదీ, ఆ పెద్దాయన ఆ ఎర్ర పచ్చడి వద్దన్నారు" అన్నాడు. మూడు రోజులుగా ఆయన రొట్టెకి కూడా ఆవకాయ రాసుకుని తినడం అతను చూస్తున్నాడు. గాలి పలచనైతే ముందు తలనొప్పి, తర్వాత ఆకలి పోవడం. ఇది నేను తరగతిలో రాసుకున్న పాఠమే. అతనికి జంతువుల దగ్గర నేర్చుకున్న జ్ఞానం. మేత ముట్టని జంతువుని తెల్లారేదాకా ఉంచకూడదని అతని లెక్క.

డేరాకి పరుగెత్తాను. "బాబాయ్ గారూ, ఈ గీత మీద మడమకి వేలు ఆనించి నడవండి" అన్నాను. నాలుగో అడుగుకి పక్కకి ఒరిగారు. "కాళ్ళు నా మాట వినట్లేదమ్మా. పొద్దున్నించీ తల పగిలిపోతోంది. చెప్తే దించేస్తావని..." అన్నారు. మెదడుకి నీరు పట్టడం మొదలైతే అడుగు ఇలాగే తప్పుతుంది. దానికి అసలు మందు కిందికి దిగడమే. ఆక్సిజన్ పెట్టి, ఆయన్ని కంచరగాడిద మీద కూర్చోబెట్టి, అటొకరు ఇటొకరు పట్టుకుని రాత్రి తొమ్మిదిన్నరకి బయల్దేరాం. మిగతా బృందాన్ని నా సహాయకుడికి అప్పగించాను. తలదీపాల వెలుగులో బాట అడుగు మేరే కనిపించేది. నది హోరు ఏ వైపు ఉందో దాన్నిబట్టి నడిచాం. కంచరగాడిదలు తోలే అతను వందల సార్లు నడిచిన తోవ అది. ఎక్కడ రాయి కదులుతుందో ముందే చెప్పేవాడు.

ఓస్లాకి ఇవతల గట్టున సీమ. అక్కడ ధాబా నడిపే ఓస్లా ఆవిడ రెండు దాటాక తలుపు తీసింది. ఏమీ అడగలేదు. నిద్రపోతున్న పిల్లల్ని పక్కకి జరిపి, పొయ్యి దగ్గర జాగా చేసి, గొర్రె ఉన్ని దుప్పటి కప్పింది. తెల్లారేదాకా నేను గంటకోసారి ఆయన్ని లేపి పేరు, ఊరు అడుగుతూనే ఉన్నాను. నాలుగోసారి "గుంటూరేనమ్మా, ఇంకెక్కడికీ మారలేదు" అన్నారు.

ఎండ వచ్చేసరికి లేచి కూర్చున్నారు. ఆవిడ రాజ్మా, నెయ్యి రాసిన రొట్టె పెట్టింది. ఆయన కంచం వైపు కాసేపు చూసి, నా వైపు తిరిగి, "సీసా పైనే ఉండిపోయిందా?" అన్నారు.