నీటి నడుమ కొండపై రెండు కాలాల నడక

హాలియా నుండి పెద్దవూర మీదుగా నాగార్జునసాగర్ దగ్గరి ప్రయాణమే. డ్యాం దిగువ వంతెన దాటి, కుడిగట్టున విజయపురి సౌత్ రేవులో లాంచీ ఎక్కితే జలాశయం నడుమ నాగార్జునకొండ చేరవచ్చు. వృద్ధులు, చిన్నపిల్లలు సైతం నడవగల కొండ అది. రేవు నుండి మెల్లగా ఎక్కే బాట మ్యూజియం వరకు వెళ్తుంది. కోటగోడల శిథిలాలు, స్తూపాలు, మహాశిలాయుగపు సమాధి, స్నానఘట్టం చూస్తూ చుట్టి వస్తే మళ్ళీ రేవుకే చేరుతాము. మదర్సా విద్యార్థులను వెంటబెట్టుకొని మేము ఈ బాటలో చలికాలంలోనూ నడిచాము, ఎండాకాలంలోనూ నడిచాము.

చలికాలంలో నీరు కొండ అంచును ఒరుసుకుంటూ ఉంటుంది. గాలి చల్లన, కాళ్ళకు అలసట తెలియదు. పిల్లలు దానిని సముద్రమే అనుకున్నారు. వేసవిలో అదే బాట వేరు. పది గంటలకే రాయి కాలుతుంది, నీడ కోసం చెట్టు నుండి చెట్టుకు నడవాలి. నీరు దిగిపోయిన మేర ఒడ్డు పొడవునా పాలిపోయిన చార తేలుతుంది. "హజ్రత్, నీళ్ళు అక్కడిదాకా ఉండేవా?" అని ఒక విద్యార్థి అడిగాడు. ఉండేవి. నిండు మట్టం 590 అడుగులు. తరిగిన నీటిలో కొంత ఎడమ కాలువ గుండా మన హాలియా, మిర్యాలగూడ, కోదాడ వైపు పొలాలకే వచ్చింది. ఆ పిల్లవాని తండ్రి వరి పండించేది కాలువ కిందనే. వాడు చాలాసేపు ఆ చారనే చూస్తూ నిలబడ్డాడు. చలికాలపు అందం కంటే ఆ చూపే మాకు విలువైనదిగా తోచింది.

ఈ కొండ పుట్టుకతో ద్వీపం కాదు. దీని చుట్టూ ఉన్న లోయలో క్రీస్తుశకం 3వ శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి వర్ధిల్లింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ డ్యాముకు శంకుస్థాపన చేశారు. లోయ మునిగిపోనున్నదని 1954 నుండి 1960 వరకు విస్తృతంగా తవ్వకాలు జరిపి, ముఖ్యమైన కట్టడాలను ఈ కొండపైన, అనుపు వద్ద తిరిగి నిలబెట్టారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడుదల చేశారు. లోయలోని పల్లెల జనం మాత్రం ఇల్లూవాకిలీ విడిచి వెళ్ళిపోయారు. రాజుల సంగతి పిల్లలు మ్యూజియంలో చదువుకున్నారు. ఆ పల్లెల సంగతి మేమే నోటితో చెప్పాము. భూమిలో సంచరించి పూర్వీకుల పర్యవసానం చూడమని దివ్యఖుర్ఆన్ పలుమార్లు చెబుతుంది. అందులో రాజులే కాక, మన అన్నం కోసం ఊరు విడిచినవారు కూడా ఉన్నారని మా అభిప్రాయం.

వెళ్ళదలచినవారు లాంచీ నడుస్తున్నదో లేదో ముందే కనుక్కోవాలి. శుక్రవారం మ్యూజియానికి సెలవు. జుమా కోసం మనం ఎలాగూ ఊళ్ళోనే ఉంటాము. హాలియా వాసులకు ఈ దూరం ఖస్ర్‌కు చాలదు గనుక జుహ్ర్ నాలుగు రకాతులూ పూర్తిగా చేయాలి. చాప వెంట ఉండాలి. ప్రవహించే నది ఒడ్డున సైతం వుజూలో నీరు వృథా చేయరాదన్న ప్రవక్త (స) బోధను గుర్తుచేసి, నిండు జలాశయం ఎదుటనే మనిషికి ఒక్క చెంబుతో వుజూ చేయించాము.