మెరీనా నుంచి మామల్లపురం దాకా: గాలి, ఇసుక, సరుగుడు

చెన్నై మెరీనా నుంచి తిరువాన్మియూరు మీదుగా మామల్లపురం వైపు సాగే బాటసారికి ఎడమచేతి వైపు పలుచోట్ల సముద్రం కంటే ముందు ఇసుకే కనిపిస్తుంది. మెరీనా ఇంత వెడల్పు కావడానికి కారణం 1870ల దశకంలో మొదలైన హార్బరు గోడలు. తీరం వెంట ఉత్తరానికి నడిచే ఇసుకకు అవి అడ్డుపడగా దక్షిణాన మేట పెరిగింది, ఉత్తరాన రాయపురం తీరం కోతకు గురైంది.

నీటిలోని గోడ చేసిన పనిని ఒడ్డున గాలిచేత చేయించాలంటే మాత్రం గోడ పనికిరాదు. ఎడారి ఇసుక కదలికను అధ్యయనం చేసిన బాగ్నోల్డ్ 1941 నాటి గ్రంథంలో వివరించినట్లు, గాలి మోసే ఇసుకలో అధికభాగం నేలకు దగ్గరగా గెంతుతూ పోతుంది. సందులున్న కంచె గాలిని ఆపకుండా దాని వేగాన్ని తగ్గిస్తుంది కనుక, మోయలేని బరువును గాలి కంచె వెనుక దించేస్తుంది. అమెరికాలోని వయోమింగ్‌లో 1970లో తెరిచిన రహదారిని మంచుమేటలు పదేపదే మూసివేయగా, 1971 నుంచి అక్కడ నిలిపిన చెక్క కంచెలది ఇదే సూత్రం. సగం ఖాళీగా ఉండే అలాంటి కంచె వెనుక మేట దాని ఎత్తుకు దాదాపు 35 రెట్ల దూరం సాగగలదు కాబట్టి, కంచెను రోడ్డు అంచున కాక అంత ఎడంగా, గాలి వచ్చే వైపున నాటాలి.

అయితే మంచు వేసవికి కరుగుతుంది, ఇసుక కరగదు. కంచె పూడిపోతే దానిపై మరొకటి కట్టవలసిందే. అందుకే ఈ తీరానికి తగినది పెరిగే కంచె. ముట్టుకాడు దాటాక కనిపించే సరుగుడు తోపులు, తమిళులు సవుక్కు అని పిలిచేవి, వంటచెరకుకే కాక ఇందుకూ పనికొస్తాయి. వాటి సన్నని కొమ్మల సందుల్లోంచి గాలి వడగట్టినట్లు పోతుంది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత తమిళనాడు తీరంలో వీటిని నాటడం మరింత ఊపందుకుంది. అలల అంచుదాకా నాటడం మాత్రం అత్యుత్సాహమే, ఎందుకంటే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టే చోటు అది. ఆ ముందువరసలో రావణన్ మీసై అనే ముళ్లగడ్డి, నేలపై పాకే తీగలు ఇసుకను పట్టి ఉంచడమే మేలు.

మామల్లపురంలో, 8వ శతాబ్ది ఆరంభంలో పల్లవ రాజసింహుడు కట్టించిన తీర దేవాలయం చుట్టూ పురావస్తు శాఖ పెంచిన సరుగుడు వరుస ఇసుకతోపాటు రాతిని తినే ఉప్పుగాలి జోరునూ తగ్గిస్తుంది.