28కి 116 కలిపితే...

40 మీటర్ల బ్యాండ్‌లో రేడియో మాట్లాడాలంటే దాదాపు 20 మీటర్ల తీగ కట్టాలి. సొంతూళ్లో అయితే కొబ్బరిచెట్టుకీ డాబా మీది పిట్టగోడకీ మధ్య లాగి కట్టేస్తాం, అయిపోతుంది. హైదరాబాద్‌లో మూడో అంతస్తులో అద్దెకుంటూ కట్టాలంటే ముందు ఓనర్‌ని ఒప్పించాలి, తర్వాత అసోసియేషన్‌ని. మా ఓనర్ అంకుల్ ఒక్క ముక్కలో తేల్చేశారు: "బట్టలారేసుకునే తీగ అయితే కట్టుకో బాబూ. ఇంకేదీ వద్దు."

నాకు హ్యామ్ రేడియో లైసెన్స్ ఉంది. తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. పరీక్ష రాసి, కేంద్ర ప్రభుత్వం నుంచి లైసెన్సూ కాల్‌సైనూ తీసుకుని, సెల్ టవర్‌తో, ఇంటర్నెట్‌తో పని లేకుండా మాట్లాడుకునే హాబీ ఇది. నా సెట్టు పేరు మైక్రో బిట్‌ఎక్స్. దాన్ని డిజైన్ చేసింది మన హైదరాబాద్ హ్యామ్ అష్హర్ ఫర్హాన్. సర్క్యూట్, లోపలి ఆర్డుయినో కోడ్ అన్నీ ఓపెన్. ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు. పవర్ సుమారు 10 వాట్లు. కానీ 30 మెగాహెర్ట్జ్ దాటితే పనిచేయదు.

"ఫోన్ ఉందిగా, ఇదంతా ఎందుకు?" అని ఆఫీసులో అందరూ అడుగుతారు. ఉంది. కానీ మచిలీపట్నంలో ఉండే మా బాబాయి ఫోన్లో రెండు నిమిషాలకు మించి మాట్లాడడు. "తిన్నావా? డ్యూటీ ఎలా ఉంది? సరే, ఉంటా." పిన్ని పోయాక అది ఒక్క నిమిషానికి పడిపోయింది. అదే మనిషి మైక్ పట్టుకుంటే వేరే. యాంటెన్నాతో మొదలుపెట్టి, పెరట్లో కాకరపాదు మీదుగా, పిన్ని చేసే చేపల పులుసు దాకా వస్తాడు. నాకు ఈ హాబీ అంటించింది ఆయనే. నేను ఫ్లాట్‌లోకి మారాక ఆ కబుర్లు ఆగిపోయాయి. సెట్టు అల్మరాలోకి వెళ్లిపోయింది.

దాన్ని బయటికి తీయించింది ట్రాన్స్‌వర్టర్ అనే చిన్న బోర్డు.

ఒక కూడిక, ఒక తీసివేత

ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ యాంటెన్నా చిన్నదవుతుంది. 144 మెగాహెర్ట్జ్ దగ్గర డైపోల్ పొడవు సుమారు ఒక మీటరే. బాల్కనీలో పెట్టుకున్నా ఎవరూ పట్టించుకోరు. నా సెట్టు అంత పైకి వెళ్లదు కాబట్టి ట్రాన్స్‌వర్టర్ దాన్ని మోసుకెళ్తుంది.

లెక్క ఐదో క్లాసుది. బోర్డులో 116 మెగాహెర్ట్జ్ ఆసిలేటర్ ఉంటుంది. సెట్టు 28 పంపితే, మిక్సర్ రెండింటినీ కలిపి 144 చేస్తుంది. వినేటప్పుడు 144 నుంచి 116 తీసేసి 28 ఇస్తుంది. అలా సెట్టులోని 28-30 కాస్తా గాల్లో 144-146 అవుతుంది. మన దేశంలో హ్యామ్‌లకు ఇచ్చిన బ్యాండ్ కూడా సరిగ్గా అదే.

చిక్కేమిటంటే, మిక్సర్‌కి కూడిక ఒక్కటే చేయమంటే వినదు. తీసివేత కూడా చేస్తుంది. 116లోంచి 28 పోతే 88. అది ఎఫ్ఎం రేడియోల ఇలాకా. పైగా ఆసిలేటర్ 116 కూడా కొంత లీకవుతుంది. 108 నుంచి దాదాపు 118 మెగాహెర్ట్జ్ వరకు విమానాలకు దారిచూపే నేవిగేషన్ సిగ్నళ్లు ఉంటాయి. మన వైపు శంషాబాద్‌కి వచ్చే విమానాలు కూడా వాడేది ఆ బ్యాండే. అంటే ఫిల్టర్ సరిగ్గా లేకుండా బటన్ నొక్కితే ఇబ్బంది పడేది మనం కాదు, పైనున్నవాళ్లు.

అందుకే మొదట యాంటెన్నా తగిలించలేదు. దాని బదులు డమ్మీ లోడ్ పెట్టాను. పవర్‌ని గాల్లోకి పోనివ్వకుండా వేడిగా మార్చేసే 50 ఓమ్‌ల రెసిస్టర్ అది. అక్కడి నుంచి చిన్న శాంపిల్ తీసి, చేతిలో పట్టేంత స్పెక్ట్రమ్ ఎనలైజర్‌కి ఇస్తే స్క్రీన్ మీద మూడు గీతలు: 88, 116, 144. బోర్డు మీది ఫిల్టర్ కాయిల్స్‌ని ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్‌తో తిప్పుతూ పోవాలి (ఇనుపది దగ్గరికొస్తేనే ట్యూనింగ్ మారిపోతుంది). మొదటి రెండూ అడుగంటాలి, మూడోది మాత్రమే నిలబడాలి. నాకు మూడు సాయంత్రాలు పట్టింది.

10 వాట్లు ఎక్కడికి పోవాలి?

నా ట్రాన్స్‌వర్టర్‌కి లోపలికి ఇవ్వాల్సింది 1 మిల్లీవాట్. నా సెట్టు ఇచ్చేది 10 వాట్ల దాకా. 10,000 రెట్లు తేడా! నేరుగా కలిపితే మిక్సర్ ఒక్క క్షణంలో పోతుంది. కాబట్టి మధ్యలో అటెన్యుయేటర్ ఉండాలి. 10,000 వంతుల్లో ఒక్క వంతే ముందుకు పంపి, మిగతాదంతా వేడిగా తాగేసే రెసిస్టర్ల గుంపు. ఆ వేడిని తట్టుకునే సైజు రెసిస్టర్లే వాడాలి. 28 దగ్గర నా సెట్టు పవర్ తగ్గుతుంది కానీ, లెక్క మాత్రం పూర్తి 10 వాట్లకే వేసుకున్నాను.

ఇంకో మెలిక ఉంది. నా సెట్టుకి ఒక్కటే యాంటెన్నా సాకెట్. వినే సిగ్నల్ లోపలికి రావడానికీ, 10 వాట్లు బయటికి పోవడానికీ అదే దారి. మాట్లాడే ముందు ఒక రిలే ఆ దారిని అటెన్యుయేటర్ వైపు మళ్లించాలి. రిలే కదలడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. ఈలోపే పవర్ వచ్చేస్తే వినే వైపున్న ట్రాన్సిస్టర్ బలి.

ఇక్కడ మన ఉద్యోగం పనికొచ్చింది. సెట్టు ఆర్డుయినో కోడ్‌లో కొన్ని లైన్లు మార్చాను. బటన్ నొక్కగానే ముందు ట్రాన్స్‌వర్టర్ రిలే, 50 మిల్లీసెకన్లు ఆగడం, ఆ తర్వాతే పవర్. వదిలేటప్పుడు సరిగ్గా దీనికి రివర్స్. డిస్‌ప్లేకి 116 కలిపాను, 28 బదులు 144 కనపడేలా. ఆఫీసులో సర్వర్ ఆపే ముందు ట్రాఫిక్ మళ్లిస్తాం చూడండి, అచ్చం అదే క్రమం. తేడా ఒక్కటే. అక్కడ తేడా వస్తే రోల్‌బ్యాక్ చేయొచ్చు. కాలిపోయిన ట్రాన్సిస్టర్‌కి రోల్‌బ్యాక్ లేదు.

నా గొంతు నాకే

144లో నేరుగా హైదరాబాద్ నుంచి మచిలీపట్నం అందదు. మధ్యలో ఆకాశం సాయం కావాలి. హ్యామ్‌ల కోసం ఉపగ్రహాలు ఉన్నాయి. మన శ్రీహరికోట నుంచి 2005 మే 5న పీఎస్ఎల్‌వీ-సీ6 మీద వెళ్లిన హ్యామ్‌శాట్ అలాంటిదే. అది 2014 దాకా పనిచేసింది. దాని కబుర్లు బాబాయి ఇప్పటికీ చెబుతాడు.

మేం ఎంచుకున్నది ఆర్ఎస్-44 అనే రష్యన్ ఉపగ్రహం. 145.965 చుట్టుపక్కల పంపితే 435.640 చుట్టుపక్కల తిరిగి వినిపిస్తుంది. పంపేది ట్రాన్స్‌వర్టర్ పని. వినడానికి లాప్‌టాప్‌కి పెట్టిన చిన్న యూఎస్‌బీ డాంగిల్. చేతిలో చిన్న యాగి యాంటెన్నా. మా బాల్కనీది తూర్పు ముఖం కాబట్టి, అటు వైపు నుంచి పోయే పాస్ కోసం చూసుకోవాలి. ఒక్కో పాస్ 20 నిమిషాల దాకా ఉంటుంది.

ఆసిలేటర్‌ని ముందే వేడెక్కనివ్వాలి. దాని క్రిస్టల్ మిలియన్‌లో ఒక వంతు జరిగితే ఫ్రీక్వెన్సీ 116 హెర్ట్జ్ మారిపోతుంది. మే నెల ఎండలో బాల్కనీలో అది జరగకుండా ఉండదు. ఓ 200 హెర్ట్జ్ తప్పితే మనిషి గొంతు కాస్తా కార్టూన్ గొంతు అవుతుంది.

ఆ రోజు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, కాల్‌సైన్ చెప్పి, "హలో... వన్, టూ" అన్నాను. వెయ్యి కిలోమీటర్లకు పైన తిరుగుతున్న డబ్బాలోంచి నా గొంతు నాకే వినిపించింది! పవర్ కొంచెం తగ్గించాను. ఉపగ్రహం బలం అందరిదీ కదా, మనం అరిస్తే పక్కవాళ్ల గొంతు తగ్గిపోతుంది. ఇంతలో ఇంకో కాల్‌సైన్ వచ్చింది.

"ఏరా, నీ గొంతు సన్నగా వస్తోంది. ఓ 200 కిందికి రా."

వచ్చాను.

"ఆఁ, ఇప్పుడు నువ్వే. కాకరపాదు పూత మీదుంది. మీ పిన్ని ఉంటే..."

ఉపగ్రహం అపార్ట్‌మెంట్ల వెనక్కి జారేదాకా ఆయన ఆపలేదు. 14 నిమిషాలు.

మీ దగ్గర కూడా పాత హెచ్ఎఫ్ సెట్టు మూల పడి ఉంటే ఒక్క మాట. ముందు లైసెన్స్. తర్వాత డమ్మీ లోడ్, అటెన్యుయేటర్, ఫిల్టర్. యాంటెన్నా అన్నిటికన్నా చివర. తొందరపడి ఈ వరస మార్చొద్దు. వరుస పాటిస్తే ఇది ఏ ఇంజినీరింగ్ స్టూడెంట్ అయినా చేయగల పనే. హైదరాబాద్‌లో 1983 నుంచి నడుస్తున్న నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో లాంటి చోట్ల అడిగితే చెప్పేవాళ్లు దొరుకుతారు.

డాంగిల్‌తో వినడం బాబాయికి నచ్చట్లేదు. "435 కూడా సెట్టులోనే వినాలిరా, దానికీ ఒక ట్రాన్స్‌వర్టర్ చెయ్" అంటున్నాడు. లెక్క వేశాను. 435లోంచి 28 పోతే 407. ఇప్పుడు ఆ 407 ఇచ్చే ఆసిలేటర్ కోసం వెతుకుతున్నా.