కార్డా... తెరా?

శంకర్‌పల్లి రోడ్డులో మోకిల దగ్గరికి వస్తుంటే ఊరికన్నా ముందు బొమ్మలు ఎదురవుతాయి. నీలం రంగు కొలను, పచ్చిక, తెల్లటి విల్లా, ముందు మెరిసే కారు... హోర్డింగు మీది ఆ ఇంటికి చాలాసార్లు ఇంకా పునాదే పడి ఉండదు. 2023 ఆగస్టులో హెచ్‌ఎండీఏ ఇక్కడ ప్లాట్లు వేలం వేస్తే గజం లక్షా 5 వేల రూపాయల దాకా పలికింది. అంత పోసి కొనేవాళ్లకు ఖాళీ నేలను చూపిస్తే ఏం సరిపోతుంది? కట్టబోయే ఇంటిని కట్టేసినట్టే చూపించాలి.

అలాంటి బొమ్మలు చేసే అమ్మాయి ఒకామె మోకిలలోనే ఉంది. నాన్న ఒకప్పుడు కౌలుకు తీసుకుని టమాటా, బంతి వేసేవాడు. ఇప్పుడు ఒక విల్లాల సముదాయంలో తోటపని. ఆమె గచ్చిబౌలిలో మూడేళ్లు ఉద్యోగం చేసి, ఇంట్లోనే సొంతంగా చేసుకుందామని వచ్చేసింది. పాత ల్యాప్‌టాప్ ఒక్క బొమ్మకే రాత్రంతా తీసుకుంటోంది. అమ్మ చిట్టీ ఎత్తగా వచ్చిన లక్షా 60 వేలలో మొత్తం కంప్యూటర్ రావాలి. మళ్లీ అడగడానికి ఇంకో చిట్టీ లేదు.

అమ్మాయి వేసుకున్న లెక్కలో సగానికి పైగా గ్రాఫిక్స్ కార్డుకే పోయింది. ఎన్విడియా వాళ్ల ఆర్‌టీఎక్స్ 5070 టీఐ. మానిటరంటారా... అన్నయ్య ఆటలాడి పక్కన పడేసినది ఉందిగా!

‘‘గింత డబ్బకు అన్ని పైసలా బిడ్డా?’’ అన్నాడు నాన్న.

అడగాల్సిన మాటే అడిగాడు. ప్రాసెసర్ అంటే పదీ ఇరవై మంది ఆరితేరిన మేస్త్రీలు. గ్రాఫిక్స్ కార్డు అంటే వేలమంది కూలీలు. ఒక్కొక్కరిదీ చిన్న పనే, కానీ అందరూ ఒక్కసారే చేస్తారు. వెలుగు ఏ గోడ మీద పడి ఎటు తిరుగుతుందో లక్షల చుక్కలకు లెక్కగట్టాలంటే వాళ్లే కావాలి. అయితే ఇటుకా ఇసుకా పోసుకునే జాగా చాలకపోతే ఎంతమంది కూలీలున్నా ఏం లాభం? ఆ జాగానే కార్డులోని మెమరీ. ఇంటి బొమ్మలో దాన్ని ఎక్కువగా మింగేవి గోడలు కాదు, చెట్లు! ఆకు ఆకుకూ లెక్క ఉంటుంది మరి. మెమరీ చాలకపోతే పని నత్తనడక నడుస్తుంది, లేదంటే మధ్యలోనే ఆగిపోతుంది.

ఇక్కడే కొనేవాళ్లు బోల్తా పడతారు. 2021లో వచ్చిన 3060 కార్డులో 12 జీబీ ఉండేది. 2023లో దాని తర్వాతి తరంగా వచ్చిన 4060లో 8 జీబీయే. 2025లో వచ్చిన 5060 టీఐ అయితే ఒకే పేరుతో 8 జీబీదీ ఉంది, 16 జీబీదీ ఉంది. పేరు చూసి తెచ్చుకుంటే అంతే సంగతులు!

అమ్మాయి కోరుకున్న 5070 టీఐలో ఉన్నదీ 16 జీబీయే. వేగం మాత్రం దాదాపు రెండింతలు. ఆ వేగం కోసమే ఆమె పట్టుబట్టింది. ఇంతలో ఓ బిల్డర్‌కి ఇచ్చిన బొమ్మ తిరిగొచ్చింది. గంధం రంగు వేసిన గోడ గులాబీ ఛాయలో కనిపిస్తోందట. అమ్మ ఫోనులో చూస్తే గులాబీయే. పక్కింటి వాళ్ల కంప్యూటర్‌లోనూ గులాబీయే. ఆమె ల్యాప్‌టాప్‌లో మాత్రం చక్కటి గంధం! ఆలస్యమైతే రాత్రి మెలకువగా ఉండి సర్దుకోవచ్చు. కంటికి కనబడని తప్పును ఎలా దిద్దుతారు?

లెక్క మళ్లీ రాశారు. 16 జీబీ 5060 టీఐ చాలు. మిగిలింది మానిటర్‌కి. సికింద్రాబాద్ సీటీసీలో అన్ని తెరలూ ధగధగలాడుతూనే ఉంటాయి. వెలుతురు పెంచి పెడితే ఏదైనా బాగానే ఉంటుంది కదా! అందుకే అమ్మాయి తన బొమ్మతోపాటు అమ్మ పసుపు చీర ఫొటోనూ పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లింది. చీరను సంచిలో పెట్టుకుని అమ్మ కూడా బయల్దేరింది. ఫొటోలోనూ కొంత తేడా ఉంటుంది, నిజమే. కానీ నాలుగు తెరలు వరసగా పెట్టి చీర పక్కన పట్టుకుంటే, బొత్తిగా దారి తప్పినదేదో అమ్మే చెప్పేసింది.

సెకనుకు 165 సార్లు మారే తెర ఆటగాళ్లకు ముద్దు. కదలని ఇంటి బొమ్మకు 60 చాలు. చూడాల్సింది ఐపీఎస్ ప్యానెల్, పక్కనుంచి చూసినా రంగు మారకూడదు కాబట్టి. తర్వాత ఎస్‌ఆర్‌జీబీ రంగులు నూటికి నూరు శాతం ఉన్నాయా, రంగు తేడాను చెప్పే డెల్టా ఈ విలువ రెండులోపు ఉందా అన్నది. అంగుళాలు 27 సరిపోతాయి. అందులో 4కే అయితే 83 లక్షల చుక్కలు, క్యూహెచ్‌డీ అయితే 37 లక్షలు. టైల్స్ మధ్య సన్నటి గీతలు విడివిడిగా కనిపించాలని 4కే తీసుకున్నారు. కరెంటు పోతే రాత్రి పనంతా వృథా కాకుండా ఓ యూపీఎస్ కూడా. చేతిలో మిగిలింది ఆటో డబ్బులే.

తెరకు ఎండ తగలకుండా బల్లను పడమటి కిటికీ దగ్గర్నుంచి జరిపారు. గోడ ఈసారి ఫోనులోనూ తెరలోనూ గంధమే. నాన్న కాసేపు తేరిపార చూసి, విల్లా ముందున్న చెట్టు మీద వేలు పెట్టాడు.

‘‘గీ చెట్టు మన దిక్కు ఏడున్నది బిడ్డా? ఆడ యాపచెట్టుండె.’’

వేపచెట్టుకు ఆకులెక్కువ. 16 జీబీలో అదీ పట్టింది.